పదకొండేళ్లు ఆమ్‌స్టర్‌డాంలో ఉన్న దర్జీ అప్పటిదాకా పౌరుడు కాడా?

అనువాదపు బల్ల (ప్రశ్న)

డచ్చి కథ ఒకటి తెలుగులోకి తెస్తున్నాను. ఇరవై పేజీల కథ. ఇంకా అచ్చు కాలేదు. రాసినాయన ఇప్పుడు లేరు కాబట్టి అడగడానికీ మనిషి లేడు. మూడు వారాలుగా ఒకే పేజీ దగ్గర ఆగిపోయాను.

కథాకాలం 1663. జర్మనీలోని వెస్ట్‌ఫేలియా ప్రాంతం నుంచి వచ్చిన ఒక దర్జీ పదకొండేళ్లుగా ఆమ్‌స్టర్‌డాంలో ఉంటాడు. పెళ్లి అక్కడే అయింది. ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారు. చర్చికి వెళ్తాడు, అద్దె కడతాడు, ఇరుగుపొరుగుతో సఖ్యంగా ఉంటాడు. ఒక రోజు నగరసభ భవనానికి వెళ్లి, 50 గిల్డర్లు చెల్లించి, ప్రమాణం చేసి, 'పోర్టర్' అయి ఇంటికి వస్తాడు. భార్య కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆ రాత్రి పక్కింటివాళ్లను భోజనానికి పిలుస్తారు.

మొదటి చిత్తులో 'పోర్టర్' అనే మాటను అలాగే ఉంచాను. చదివిన మిత్రుడు, "పాపం, దర్జీ పని పోయి మూటలు మోయడానికి కుదిరాడా, మరి అందరూ ఎందుకు సంతోషిస్తున్నారు?" అని అడిగాడు. అప్పుడు దాన్ని 'పౌరుడు' అని మార్చాను. మారిస్తే కొత్త చిక్కు వచ్చింది. పదకొండేళ్లు ఊళ్లో ఉన్నవాడు అప్పటిదాకా పౌరుడు కాకపోతే మరేమిటి? దొంగతనంగా ఉంటున్నాడా? అయితే ఎవరూ అతన్ని పట్టుకోలేదెందుకు?

ఆ భోజనం దగ్గరే ఇంకో వాక్యం ఉంది. భార్య చిన్న కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఇక నీకు ఎరుపూ నలుపూ దొరుకుతాయిలే" అంటుంది. అన్న మరుక్షణం తన నోరు తానే మూసుకుంటుంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు మౌనమైపోతారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

దర్జీ బావమరిది రైను నది మీదుగా ద్రాక్షసారా తెచ్చే వర్తకుడు. భోజనానికి ఆలస్యంగా వచ్చి, కొలోన్‌లో సరుకు దించి మూడు రోజులు కూర్చోవలసి వచ్చిందని విసుక్కుంటాడు. అమ్మడానికి ఆమ్‌స్టర్‌డాంకు తెచ్చే సరుకును దారిలో ఎవరో దింపించడం ఏమిటో, అదీ అర్థం కాలేదు. తెలిసినవారు చెప్పగలరా?


గోడగడియారం

ఇది తేలికే. మధ్యయుగపు యూరప్‌లో 'నగరపు గాలి మనిషిని స్వతంత్రుణ్ణి చేస్తుంది' అనే సూత్రం ఉండేది. భూస్వామి కింద కట్టుబానిసగా ఉన్నవాడు పారిపోయి నగరంలో ఒక సంవత్సరం, ఒక రోజు ఉంటే, ఆ తర్వాత భూస్వామి వచ్చి అడిగినా నగరం అతన్ని అప్పగించేది కాదు. జర్మనీలోని గోస్లార్ నగరానికి 1219లో ఫ్రెడరిక్ 2 ఇచ్చిన హక్కుపత్రంలో ఇది ఉంది. ఇంగ్లండులో మొదటి హెన్రీ కాలపు న్యూకాసిల్ ఆచారాల్లోనూ ఉంది. ఫ్రాన్సులో లోరీ అనే చిన్న ఊరి హక్కుపత్రంలోనూ ఉంది. ఇది భూస్వాములకు ఎంత కంటగింపయిందంటే, తమ మనుషులను నగరాలు చేర్చుకోరాదని జర్మన్ ప్రభువులు 1231లో ఆజ్ఞ సంపాదించుకున్నారు. ఆ లెక్కన మీ దర్జీ 1653 నాటికే పౌరుడైపోయి ఉండాలి. రచయిత పొరబడి ఉంటాడు.


పాత పద్దు

రచయిత పొరబడలేదు, గోడగడియారం గారూ. మీరు రెండు పద్దులను తెచ్చి ఒకే ఖాతాలో వేశారు.

ముందు నా సంగతి రెండు మాటల్లో చెబుతాను, ఈవిడకు ఇవన్నీ ఎందుకని అనుకోకుండా. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పద్దులు చూసి రిటైరయ్యాను. ఇప్పుడు నెదర్లాండ్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. చలికాలంలో తోచక, ఇక్కడి పాత రిజిస్టర్లలోని పేర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే స్వచ్ఛంద బృందంలో చేరాను. ఆ కాలపు చేతిరాత మొదటి నెల చీమల బారులాగే కనిపించింది. తర్వాత అలవాటైంది. పోర్టర్ల పుస్తకంలో ఒక్కో పద్దులో ఉండేది తక్కువే. పేరు, వృత్తి, ఏ ఊరి నుంచి వచ్చాడు, ఏ తేదీన ప్రమాణం చేశాడు. దర్జీలు కోకొల్లలు. వెస్ట్‌ఫేలియా ఊళ్ల పేర్లూ అంతే. కాబట్టి కథలోని దర్జీ నాకు బాగా తెలిసినవాడే.

మీరు చెప్పిన సంవత్సరం-ఒక రోజు లెక్క మనిషిని భూస్వామి నుంచి విడిపించేది, అంతే. దాంతో అతను ఎవరి మనిషీ కాకుండా పోయాడు. నగరపు మనిషి కావడం వేరే సంగతి. దానికి వేరే తలుపు, వేరే రుసుము. మీరు ఉదహరించిన సామెత కూడా మధ్యయుగాల నాటిది కాదు, పంతొమ్మిదో శతాబ్దపు చరిత్రకారులు కూర్చిన వాక్యం. నియమం పాతదే, సామెత కొత్తది. ఇక 1663 నాటి ఆమ్‌స్టర్‌డాంలో వెంటపడే భూస్వామి ఎక్కడున్నాడు? ఆ నగరంలో ఎవరైనా వచ్చి ఉండవచ్చు. పని చేసుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, చావనూ వచ్చు. పోర్టర్ కానివారే ఎక్కువమంది. ఓడల మీద నావికులు, రేవులో కూలీలు, ఇళ్లలో పనిమనుషులు, యజమాని దగ్గర రోజుకూలీకి కుట్టే దర్జీలు, వీళ్లెవరూ దొంగతనంగా ఉన్నవాళ్లు కారు. నివాసులు.

అనువాదకుడిగారికి ఇబ్బంది అక్కడే వచ్చింది. మన 'పౌరుడు' అనే మాట పుట్టుక చూడండి. పురంలో ఉండేవాడు పౌరుడు. డచ్చివారి పోర్టర్ కూడా అలాంటి మాటే, 'పోర్ట్' అంటే పాత డచ్చిలో పట్టణం. (పురానికీ పోర్టుకూ చుట్టరికం కలపకండి, చెవికి దగ్గరగా వినిపించడం తప్ప సంబంధం లేదు.) జర్మన్ల 'బ్యూర్గర్' కోట ఉన్న ఊరి నుంచి వచ్చింది. మూడు మాటలూ ఊరి నుంచే పుట్టాయి. కాని ఇవాళ మనం పౌరుడు అంటే దేశానికి చెందినవాడని వింటాం. పుట్టుకతో వచ్చేదనీ, ఉన్న అందరికీ ఉండేదనీ వింటాం. పోర్టర్ హక్కు అలా కాదు. అది ఒక సంస్థలో వాటా లాంటిది. తండ్రికి ఉంటే వస్తుంది, పోర్టర్ కూతుర్ని పెళ్లి చేసుకుంటే వస్తుంది, లేకపోతే కొనుక్కోవాలి. మీ దర్జీ 50 గిల్డర్లు పోసి కొన్నాడంటే, అతని భార్య కూడా వలస వచ్చినవారి పిల్లే అయి ఉంటుంది. పోర్టర్ల ఆడపడుచైతే అంత సొమ్ము పెట్టవలసిన అవసరమే లేదు.

అంత సొమ్మా అంటారేమో. అప్పటి రోజుకూలీ సుమారుగా ఒక గిల్డర్ అనుకోండి. తిండీ అద్దే లేకుండా దాచినా రెండు నెలల పైచిలుకు సంపాదన. ఇద్దరు పిల్లలవాడు అంత కూడబెట్టడానికి పదకొండేళ్లు పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

దేనికి కొన్నాడంటే, ముందుగా కత్తెర కోసం. దర్జీల వృత్తి సంఘంలో చేరనిదే సొంత దుకాణం తెరవకూడదు. పోర్టర్ కానివాణ్ణి సంఘం చేర్చుకోదు. అంటే పదకొండేళ్లూ అతను ఇంకొకరి దుకాణంలో కూలీకి కుట్టి ఉండాలి, లేదా రాత్రిళ్లు అటక మీద దీపం పెట్టుకుని రహస్యంగా కుట్టి ఉండాలి. అలా కుట్టేవాణ్ణి డచ్చిలో 'బ్యూన్‌హాస్' అంటారు. అటక కుందేలు అని దానికి అర్థం చెబుతారు. ఉత్తర జర్మనీ పట్టణాల్లోనైతే సంఘంవాళ్లు ఈ కుందేళ్ల కోసం నిజంగానే వేటకు బయలుదేరేవారు, ఇళ్లలోకి వెళ్లి కుట్టుపని లాక్కునేవారు. ఆ మాట డచ్చిలో ఇప్పటికీ ఉంది. మా అమ్మాయి ఇంట్లో నీటి గొట్టం బిగించినవాడు సరిగ్గా చేయకపోతే పక్కింటావిడ అతన్ని ఆ మాటే అంది. మీ కథలో ఎక్కడైనా అటక ప్రస్తావన ఉందేమో చూడండి.

సుంకాల సంగతి ఇంకో పద్దు. ఆమ్‌స్టర్‌డాం అనే ఊరు కాగితం మీదికి ఎక్కిన మొదటి సందర్భమే సుంకం మాఫీ. 1275 అక్టోబర్ 27న హాలండ్ ప్రభువు ఫ్లోరిస్ 5, ఆమ్‌స్టెల్ నది ఆనకట్ట దగ్గర ఉండే జనం తన రాజ్యంలో సరుకు తీసుకుపోతే దారిసుంకం కట్టనక్కర్లేదని రాసిచ్చాడు. ఈ ఊరికి ఇంతకన్నా పాత పుట్టిన రోజు లేదు. బ్యాంకు మనిషిని కాబట్టి నాకు ఇది భలే నచ్చింది. ఊరు పుట్టింది ఒక రాయితీ పత్రంలో.

దీనికి బదులుగా పోర్టర్ ఇవ్వవలసినవీ ఉన్నాయి. పన్నులు, నగరానికి విధేయుడిగా ఉంటానన్న ప్రమాణం, పిలిస్తే కాపలా. చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్' అనే పెద్ద చిత్రంలో తుపాకులూ బల్లేలూ పట్టుకుని బయలుదేరుతున్నవాళ్లు సైనికులు కారు, ఆ ఊరి పోర్టర్లే. తమ ఆయుధాలు, తమ ఖర్చు. దర్జీని ఆ బొమ్మలో వెతకకండి, వాళ్లు కాస్త బరువైన కుటుంబాలవాళ్లు.

ఇక ఎరుపూ నలుపూ. ఈ వాక్యం చదివి నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఆమ్‌స్టర్‌డాంలో పోర్టర్ల పిల్లల కోసం ఒక అనాథశాల ఉండేది. 1520 ప్రాంతంలో మొదలైంది. అక్కడి పిల్లల దుస్తులు నిలువునా సగం ఎరుపు, సగం నలుపు. నగరపు రంగులు. వీధిలో నడుస్తుంటే ఎవరి పిల్లలో దూరం నుంచే తెలిసిపోయేది. తిండి, చదువు, వృత్తి నేర్పించడం, అన్నీ ఉండేవి. ఆ కాలానికి అది మంచి చోటు. పోర్టర్ కానివాళ్ల పిల్లలకు అందులో చోటు లేదు. వాళ్లను నగరపు దానాధికారులు చూసేవారు. ముందు ఎవరెవరి ఇళ్లలోనో పెట్టి పోషించేవారు, తర్వాత 1666లో ప్రిన్సెన్ కాలువ మీద వాళ్లకో పెద్ద అనాథశాల కట్టారు. కిక్కిరిసిన చోటు అది.

1663లో ఆమ్‌స్టర్‌డాంకు ప్లేగు వచ్చింది. మరుసటి ఏడు మరీ విజృంభించింది.

ఆ తల్లి కొడుకుతో అన్నది అదే. మేమిద్దరం పోయినా నువ్వు ఆ మంచి అనాథశాలకు వెళ్తావులే అని. నోటి నుంచి జారిపోయింది. అక్కడ కూర్చున్న ప్రతివాడికీ అర్థమైంది. తల్లిదండ్రులు కొన్నేళ్లుగా పోర్టర్లై ఉంటేనే పిల్లల్ని తీసుకోవాలన్న నియమం కూడా ఉండేది కాబట్టి, నిన్న కొన్న హక్కు రేపు పనికొచ్చేది కాదు. ఆమెకు ఆ సంగతి తెలుసో లేదో మీ రచయిత చెప్పలేదన్నమాట.


అనువాదపు బల్ల

పాత పద్దు గారూ, ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆ వాక్యాన్ని 'కొత్త బట్టలు కొంటాం' అన్న ధోరణిలో తేల్చేద్దామనుకున్నాను మొన్న. పండగ భోజనం కదా అని.

అటక ఉంది. మొదటి పేజీలోనే ఉంది. భర్త రాత్రిపూట అటక మీద కుడుతూ, కింద మెట్లు చప్పుడైతే దీపం ఆర్పేస్తాడు. నూనె పొదుపు అనుకున్నాను.

బావమరిది మూడు రోజుల సంగతి కూడా ఎవరైనా చెబితే ఈ పేజీ పూర్తవుతుంది.


రైను ఒడ్డు

అది నాకు తెలుసు. చదువు కోసం కొలోన్‌లో రెండేళ్లు ఉన్నాను. నది ఒడ్డున సరుకుల గిడ్డంగి భవనం పక్కనుంచే రోజూ వెళ్లేవాణ్ణి.

1259లో ఆర్చిబిషప్ కొన్రాడ్ కొలోన్ నగరానికి ఒక హక్కు ఇచ్చాడు. రైను మీద ఎటు పోయే సరుకైనా ఇక్కడ దించాలి, మూడు రోజులు నగరవాసులకు అమ్మకానికి పెట్టాలి. ముందు కొనే అవకాశం వాళ్లది. మిగిలితే తీసుకుపోవచ్చు. దీని వెనుక ప్రకృతి సాయం కూడా ఉంది. కొలోన్‌కు ఎగువన నది లోతు తక్కువ, ప్రవాహం వడి ఎక్కువ. దిగువన నది విశాలం. ఎగువ పడవలు వేరు, దిగువ పడవలు వేరు. కాబట్టి సరుకును ఎలాగూ ఒక పడవ నుంచి ఇంకో పడవకు మార్చాలి. ఆ మార్చేచోట బల్ల వేసుకుని కూర్చుంది కొలోన్. పైగా ఊరికే కూర్చోలేదు. హెరింగ్ చేపల పీపాలు విప్పి చూసి, బాగుంటే తన ముద్ర వేసి పంపేది. ఆ ముద్ర ఉంటే ఎగువన ధర పలికేది.

దిగువన డోర్డ్రెక్ట్‌కు 1299 నుంచి ఇలాంటి హక్కే ఉంది. మీ బావమరిదికి అక్కడా చిరాకు తప్పలేదేమో. 1815లో వియన్నా సమావేశం నదుల మీద రాకపోకలు స్వేచ్ఛగా ఉండాలని తీర్మానించినా, కొలోన్ తన హక్కును 1831 దాకా వదల్లేదు. ఐదు వందల డెబ్బై ఏళ్లు.

ఇంకొకటి. కొలోన్‌లో 1396 నుంచి పౌరుడు కావాలంటే 'గాఫెల్' అనే 22 సంఘాల్లో ఏదో ఒకదానిలో చేరి తీరాలి. నగర మండలికి మనుషులను ఆ సంఘాలే ఎన్నుకునేవి. ఒంటరిగా పౌరుడయ్యే వీలే లేదు.


సందేహం

అంతా చదివాక నాకు అనిపించేది ఒకటే. దీన్ని హక్కు అంటున్నాం కాని ఇది గుత్తాధిపత్యం. లోపలున్నవాళ్లు బయటివాళ్లను దోచుకోవడానికి గోడ కట్టుకుని, ఆ గోడకు పౌరసత్వం అని పేరు పెట్టారు. విదేశీ వర్తకుడి గతి ఏమిటి మరి?


పాత పద్దు

సందేహం గారూ, గోడ అన్నది నిజం. అయితే గోడకు అవతల ఎవరున్నారో చూస్తే మీరు 'విదేశీ' అన్న మాట అంత తేలిగ్గా వాడరు.

లండన్ నగరపు హక్కు పొందేవాడు చేసే ప్రమాణంలో, విదేశీయుడు ఇంకో విదేశీయుడితో నగరంలో క్రయవిక్రయాలు చేయడం చూస్తే అధికారికి తెలియజేస్తానన్న మాట ఉంది. ఇక్కడ విదేశీయుడంటే ఫ్రెంచివాడో ఇటలీవాడో కాదు. లండన్ హక్కు లేని ఎవరైనా సరే. యార్క్ నుంచి వచ్చిన ఇంగ్లీషువాడూ విదేశీయుడే. సముద్రం అవతలివాళ్లకు వేరే మాట ఉండేది. అదే ప్రమాణంలో ఇంకో ముక్క: పరాయి సరుకుకు నా పేరుతో 'రంగు వేయను' అని. అంటే బయటివాడి సరుకును నాదని చూపించి సుంకం ఎగ్గొట్టను అని. బినామీ! ముప్పై రెండేళ్లు నేను ఖాతాల్లో వెతికింది ఇదే. ప్రతి కొత్త పౌరుడి చేతా ఆ మాట అనిపించారంటే, ఎంతమంది రంగు వేస్తూ ఉండేవారో ఊహించుకోండి.

లండన్‌లో ఆ హక్కు మూడు దారుల్లో వచ్చేది. కనీసం ఏడేళ్లు శిష్యరికం చేయడం, తండ్రికి ఉండటం, డబ్బు కట్టడం. మీ దర్జీ దారి మూడోది.

బయటివాడి గతి అంటారా, అది అతని వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉండేది. ఒక ఉదాహరణ చెబుతాను. ఇది చదివిన రోజు మా అమ్మాయిని నిద్రలేపి మరీ చెప్పాను. 1303లో మొదటి ఎడ్వర్డ్ రాజు విదేశీ వర్తకులతో ఒప్పందం చేసుకున్నాడు. మామూలు కన్నా ఎక్కువ సుంకం కట్టండి, స్వేచ్ఛగా వర్తకం చేసుకోండి అని. 1347లో ఇంగ్లండు నుంచి ఎగుమతయ్యే ఉన్ని గుడ్డ మీద కొత్త సుంకం వేశారు. ఒక్కో తానుకు ఇంగ్లీషు వర్తకుడు 14 పెన్నీలు కట్టాలి. విదేశీయుడు, పాతదీ కొత్తదీ కలిపి, 33 పెన్నీలు. కాని హన్సా అనే వర్తక కూటమిలోని ల్యూబెక్ లాంటి జర్మన్ పట్టణాల వర్తకులు, మా ఒప్పందం 1303 నాటిది, కొత్త సుంకం మాకు వర్తించదని పట్టుబట్టారు. రాజు ఒప్పుకున్నాడు. వాళ్లు కట్టింది 12 పెన్నీలు. అంటే ఇంగ్లండు గుడ్డను ఇంగ్లండు నుంచి తీసుకుపోవడానికి ఇంగ్లీషువాడి కన్నా ల్యూబెక్‌వాడికి రెండు పెన్నీలు తక్కువ! లండన్ వర్తకుల కడుపు మంట రెండున్నర శతాబ్దాలు చల్లారలేదు. చివరికి ఎలిజబెత్ రాణి 1598లో వాళ్ల కోఠీని మూయించింది.

ఆ 12 పెన్నీల ధర దక్కాలంటే మాత్రం హన్సా పట్టణంలో ఏదో ఒకదాని పౌరుడై ఉండాలి. చూశారా, ల్యూబెక్‌లో కొన్న హక్కు లండన్‌లో సుంకం తగ్గిస్తోంది. దర్జీకి ఊళ్లో కత్తెర కోసం కావలసింది, పెద్ద వర్తకుడికి వేయి మైళ్ల దూరంలో కావాలి.

వెనిస్‌వాళ్లు ఈ రెంటినీ విడదీసి అమ్మారు. 1305 నాటి చట్టం ప్రకారం పదిహేనేళ్లు నగరంలో ఉండి పన్నులు కట్టినవాడికి 'లోపలి' పౌరసత్వం, అంటే ఊళ్లో వ్యాపారం. ఇరవై అయిదేళ్లు ఉంటే 'లోపల, బయట' పౌరసత్వం, అంటే అలెగ్జాండ్రియాలోనూ కాన్‌స్టాంటినోపుల్‌లోనూ వెనిస్‌వాడిగా వర్తకం. లాభమంతా ఆ రెండో దానిలో ఉంది కాబట్టి పదేళ్లు అదనం. 1348 ప్లేగు తర్వాత జనం కరవై ఆ గడువు తగ్గించారు. అదీ గమనించండి. గోడ ఎత్తు అవసరాన్ని బట్టి పెరిగేది, తగ్గేది.

వెనిస్‌లో జర్మన్ వర్తకులకైతే రియాల్టో వంతెన పక్కన ఒక పెద్ద భవనం కట్టి, అందులోనే దిగాలి, అందులోనే సరుకు పెట్టాలి, నగరం నియమించిన దళారి ద్వారానే అమ్మాలి అన్నారు. విడిది, గిడ్డంగి, నిఘా మూడూ ఒకే కప్పు కింద. వాళ్లు మాత్రం మూడు వందల ఏళ్లకు పైగా సణుగుతూనే అందులో ఉన్నారు. లాభం లేకపోతే ఉంటారా?


సందేహం

సరే, వర్తకులు వర్తకులను చూసుకున్నారు. నేను అడిగింది గోడకు నిజంగా బయట ఉండిపోయినవాళ్ల గురించి.


పాత పద్దు

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంత ఉత్సాహమైన జవాబు లేదు.

ఆమ్‌స్టర్‌డాం 1632లో యూదులకు పోర్టర్ హక్కు కొనుక్కునే వీలు ఇచ్చింది. రుసుము కట్టవచ్చు, ప్రమాణం చేయవచ్చు, కాని అది పిల్లలకు రాదు. కొడుకు మళ్లీ కొనుక్కోవాలి. వృత్తి సంఘాల్లో చేరనివ్వరు, చిల్లర దుకాణాలు పెట్టనివ్వరు. అదే సొమ్ము, సగం సరుకు. దర్జీ కొన్నదాన్నే పక్క వీధి యూదు దర్జీ కొంటే కత్తెర రాదు. ఇది ఆ కాలంలో యూరప్‌లోకెల్లా ఉదారమైన నగరాల్లో ఒకదాని సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1616 నాటి నిబంధనల ప్రకారం యూదుల వీధిలో ఏడాదికి పన్నెండు పెళ్లిళ్లే జరగాలి. పదమూడో జంట మరుసటి ఏడాది దాకా ఆగాలి.

జెనీవాలో ఒకే మతంవాళ్ల మధ్యనే మెట్లు కట్టారు. పౌరులు, హక్కు కొనుక్కున్న బూర్జువాలు, అనుమతితో ఉండే నివాసులు, ఆ నివాసులకు అక్కడే పుట్టిన పిల్లలు. ఈ చివరివాళ్లకు వేరే పేరుంది, 'పుట్టినవాళ్లు' అని. పుట్టడం తప్ప ఇంకే హక్కూ లేదన్నట్టు. ఆ నగరాన్ని తన బోధతో నడిపించిన మతసంస్కర్త కాల్విన్‌కు కూడా బూర్జువా హక్కు 1559 డిసెంబర్‌లోగాని రాలేదు. అప్పటికి అతను తిరిగి వచ్చి పద్దెనిమిదేళ్లు. తత్వవేత్త రూసో మాత్రం పౌరుడిగా పుట్టాడు, మతం మారి పోగొట్టుకున్నాడు, 1754లో తిరిగి సంపాదించాడు, అతని రచనలను నగరం తగలబెట్టిందని 1763లో తనే విసిరికొట్టాడు. పుస్తకాల మీద తన పేరు పక్కన 'జెనీవా పౌరుడు' అని వేసుకున్న మనిషి. ఆ మాట అప్పటివాళ్లకు ఎంత బరువో తెలియకపోతే మనకది వట్టి చిరునామాలా కనిపిస్తుంది.

ఆడవాళ్ల సంగతి ఒక్క ముక్క. కొలోన్‌లో నూలు చేసే స్త్రీలకు 1397లో, పట్టు పనివారైన స్త్రీలకు 1437లో సొంత సంఘాలు ఏర్పడ్డాయి. వ్యాపారం చేశారు, శిష్యురాళ్లను పెట్టుకున్నారు. నగర మండలిలో మాత్రం కాలు పెట్టలేదు. ఇది గెలుపో ఓటమో మీరే ఏ కాలమ్‌లో వేసుకుంటారో వేసుకోండి.

గుత్తాధిపత్యం అన్న మీ మాటను నేను కొట్టివేయను. ఇంగ్లండులో 1835 చట్టం చాలా పట్టణాల్లో ఈ వర్తక గుత్తను తీసేసింది. తీసేసినప్పుడు ఏడ్చినవాళ్లు తక్కువే. అయినా మీ 'దోపిడీ'కి మాత్రం ఒప్పుకోను. ఆ 50 గిల్డర్లు కట్టినవాడు దోచుకోవడానికి కట్టలేదు. తన దుకాణం, తన దీపం, పిల్లలకు ఒక ఆసరా.


గోడగడియారం

నా లెక్క తప్పిందని ఒప్పుకుంటున్నాను. రచయితను అనవసరంగా అన్నాను.


అనువాదపు బల్ల

అందరికీ కృతజ్ఞతలు. నిర్ణయించుకున్నవి చెబుతాను.

'పౌరుడు' తీసేశాను. 'పురహక్కు' అని పెట్టాను. 'ఆ రోజు అతను పురహక్కు కొనుక్కుని ఇంటికి వచ్చాడు.' కొనుక్కోవడం అన్న మాట పక్కన ఉంటే పాఠకుడికి చప్పున తెలుస్తుంది. అటక కుందేలును కుందేలుగానే ఉంచుతున్నాను. మొదటి పేజీలో పక్కింటాయన దర్జీని కుందేలు అని పిలిచే చోటు ఒకటి ఉంది. పళ్లు ఎత్తుగా ఉంటాయేమో అనుకుని దాన్ని వదిలేశాను. మళ్లీ తెచ్చి పెట్టాను.

భోజనం దగ్గరి వాక్యానికి అడుగున వివరణ వేద్దామా అని ఆలోచించాను. వేస్తే ఆ మౌనం చెడిపోతుంది. అప్పుడు గుర్తొచ్చి నాలుగో పేజీకి వెళ్లి చూశాను. దర్జీ ఆదివారం పిల్లల్ని తీసుకుని నడుస్తుంటే, ఎదురుగా రెండు వరసల్లో కొందరు పిల్లలు వెళ్తారు. నేను దాన్ని 'రంగురంగుల దుస్తుల్లో బడిపిల్లలు ఎదురయ్యారు' అని రాసి ముందుకు పోయాను. ఇప్పుడు ఇలా మార్చాను:

'సగం ఎరుపు, సగం నలుపు దుస్తుల్లో అనాథశాల పిల్లలు ఇద్దరిద్దరుగా వంతెన దాటుతున్నారు. చిన్నవాడు తండ్రి చెయ్యి వదిలి వాళ్ల వెనక నాలుగడుగులు వేశాడు.'


పాత పద్దు

ఆ నాలుగడుగులు మూలంలో ఉన్నాయా, మీరు కలిపారా?


అనువాదపు బల్ల

ఉన్నాయండీ. వాటినీ వదిలేశాను మొదట.